స్టీరింగ్ వణికితే... రోగం ఎక్కడ?

హైదరాబాద్‌లో బయల్దేరిన కారు ఎల్బీనగర్ దాటేదాకా బుద్ధిగానే ఉంటుంది. రద్దీ వదిలి చౌటుప్పల్ వైపు రోడ్డు ఖాళీ అయ్యాక, స్పీడోమీటర్ ముల్లు 80 దాటగానే స్టీరింగ్‌లో సన్నటి వణుకు మొదలవుతుంది. 90కి చేరేసరికి చేతులు జిల్లుమంటాయి. ఇంకాస్త వేగం పెంచితే ఒక్కోసారి తగ్గిపోతుంది కూడా! ఇంటిల్లిపాదీ కారులో ఉన్నప్పుడు ఆ వణుకు చేతుల్లోంచి గుండెల్లోకి పాకుతుంది.

మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళితే సాధారణంగా వినిపించే మొదటి మాట... ‘అలైన్‌మెంట్ చేయిద్దాం సార్’. చేయిస్తారు. వణుకు పోదు. ‘అయితే షాక్ అబ్జార్బర్లు పోయాయేమో’ అంటారు. అవీ మారుస్తారు. వేలకు వేలు వదిలాక, చివరికి రిమ్ము లోపల అరచేతి మందాన ఎండిపోయిన బురదే కారణమని తేలుతుంది. దీనికి పూర్తి విరుద్ధంగా జరిగేదీ ఉంది. ‘ఆ... కొంచెం ఊగుతుందిలే’ అని సరిపెట్టుకుని నెలలు గడిపేస్తారు. చక్రం నట్టు వదులై ఊగుతున్నా, టైరు లోపల పొరలు విడిపోయి ఊగుతున్నా అంతే అనుకుంటారు. మొదటి పొరపాటుకి డబ్బు పోతుంది. రెండోదానికి ప్రాణాలే పోవచ్చు. అందుకే స్టీరింగ్ వణుకు ఏం చెబుతోందో కారున్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

అలైన్‌మెంట్ వేరు... బ్యాలెన్సింగ్ వేరు

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. దుకాణాల బోర్డుల మీద పక్కపక్కనే రాసి ఉండటం కూడా అందుకు కారణం కావచ్చు. నిజానికి ఈ రెండు పనులకూ పొంతన లేదు. చక్రాలు ఏ దిక్కుకి, ఎంత వాలుగా నిలబడ్డాయో సరిచేసేది అలైన్‌మెంట్. అది చెడితే కారు ఒక పక్కకి లాగుతుంది. తిన్నగా వెళ్తున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది. టైరు ఒక అంచున త్వరగా అరిగిపోతుంది. అంతేగానీ స్టీరింగ్ గజగజలాడదు.

చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందా లేదా చూసేది బ్యాలెన్సింగ్. ఒక పక్క ఎక్కువుంటే చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ పక్కకి గుంజుతుంది. తడిసిన దుప్పటి ఒక పక్కకి చేరినప్పుడు వాషింగ్ మెషీన్ ఎలా ఎగిరెగిరి పడుతుందో గుర్తుచేసుకోండి. అదే ఇది. ఫలానా వేగంలో మొదలై, ఆ వేగం దాటాక తగ్గే వణుకు ఉంటే ముందు అనుమానించాల్సింది బ్యాలెన్సింగ్‌నే.

30 గ్రాములే... నాలుగున్నర కిలోల దెబ్బ!

‘ఇంత పెద్ద కారుని ఆ చిన్న ముక్క ఊపేస్తుందా’ అని సందేహం వస్తుంది. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మామూలు కుటుంబ కార్లకుండే 14 అంగుళాల చక్రాన్నే తీసుకుందాం. కారు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ చక్రం సెకనుకి 14 సార్లకు పైగా తిరుగుతుంది. రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉంటే, ఆ వేగంలో అది దాదాపు నాలుగున్నర కిలోల బలంతో చక్రాన్ని బయటికి గుంజుతుంది. సెకనుకి 14 దెబ్బలన్నమాట! అదే 50 కిలోమీటర్ల వేగంలో ఆ బలం నాలుగో వంతే. కిలోకి కాస్త ఎక్కువ. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ బయటపడని వణుకు హైవే ఎక్కగానే బయటపడేది అందుకే.

మరి వేగం ఇంకా పెంచితే తగ్గుతుందేం? ఉయ్యాల ఊపినవాళ్లెవరికైనా ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణంలో చిన్న తోపు ఇస్తే చాలు, అంతెత్తుకి లేస్తుంది. అదే తోపు ముందో వెనకో ఇస్తే ఊపు రాదు. కారు ముందు చక్రాలు, వాటికి తగిలించిన సస్పెన్షన్, స్టీరింగ్... ఇవన్నీ కలిసి ఒక ఉయ్యాల లాంటివే. వాటికీ సొంత ఊపు ఉంటుంది. 80 నుంచి 110 మధ్య ఎక్కడో చక్రం ఇచ్చే దెబ్బలు ఆ ఊపుతో సరిగ్గా కలుస్తాయి. అక్కడ వణుకు పెద్దదవుతుంది. ఆ వేగం దాటితే తాళం తప్పి తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గింది కదా అని వేగంగా పోనివ్వడం మాత్రం పరిష్కారం కాదు. దెబ్బ ఇంకా పెరుగుతూనే ఉంటుంది, మన చేతికి తెలియదంతే. ఆ భారమంతా బేరింగులు, జాయింట్ల మీద పడుతుంది.

ఎప్పుడు వణుకుతోంది?

డాక్టరు దగ్గరికి వెళ్తే ‘జ్వరం పొద్దున వస్తోందా, సాయంత్రమా’ అని అడుగుతారు కదా. కారుకీ అంతే. మెకానిక్‌ని కలవకముందే ఈ సంగతులు గమనించి కాగితం మీద రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

వణుకు స్టీరింగ్‌లో ఉంటే లోపం చాలావరకు ముందు చక్రాల్లో ఉంటుంది. స్టీరింగ్ బాగానే ఉండి సీటు కింద, నడుము దగ్గర అదురుతుంటే వెనక చక్రాల వైపు చూడాలి.

ఒక వేగంలో మొదలై తర్వాత తగ్గితే బ్యాలెన్సింగ్. 20, 30 కిలోమీటర్ల వేగంలోనే స్టీరింగ్ నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతుంటే టైరు లేదా రిమ్ము. బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేకు డిస్కులు. యాక్సిలరేటర్ తొక్కితే వణికి, కాలు తీయగానే ఆగిపోతే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు. ఫలానా వేగం నుంచి ‘గూం...’ అని రొద కూడా వస్తూ, మలుపు తిప్పినప్పుడు ఆ రొద మారితే చక్రం బేరింగు.

కారు ఆగి ఉన్నప్పుడు కూడా అదురుంటే చక్రాల జోలికే వెళ్లక్కర్లేదు. కారుని నిలిపి, న్యూట్రల్‌లో ఇంజిన్ వేగం పెంచి చూడాలి. అప్పుడూ అలాగే వణికితే ఇంజిన్ మౌంటింగుల్లోనో, ఇంజిన్‌లోనో తేడా ఉన్నట్టు. ఈ చిన్న పరీక్షకి పైసా ఖర్చు లేదు.

ముందు కళ్లతో చూడాలి

దుకాణానికి వెళ్లకముందు ఇంటి దగ్గరే చూడాల్సినవి నాలుగున్నాయి. మొదటిది చక్రాల నట్లు. ఈమధ్య పంచరు వేయించినా, టైర్లు మార్పించినా మొట్టమొదట వీటినే చూడాలి. పానా పట్టి ఒక్కో నట్టునీ పరీక్షించాలి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. లేకపోతే చక్రం ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. చక్రం విప్పి బిగించాక 50, 100 కిలోమీటర్లు తిరిగి మరోసారి నట్లు చూసుకోవడం మంచి అలవాటు.

రెండోది బురద. వానాకాలంలో నల్లరేగడి దారిలో ఒక్కసారి వెళ్లొస్తే చాలు, రిమ్ము లోపలి వైపు బంకలా పట్టేస్తుంది. బయటికి కారు తళతళలాడుతూనే ఉంటుంది. లోపల మాత్రం అరకిలో మట్టి ఒకే పక్క ఎండి ఉంటుంది. 30 గ్రాములకే అంత దెబ్బయితే దీని సంగతి చెప్పేదేముంది! కొత్తగా తారు వేసిన రోడ్డు మీద వెళ్లినప్పుడు టైరుకి అంటుకున్న తారు, కంకరదీ ఇదే కథ.

మూడోది రిమ్ముకి అంటించిన బ్యాలెన్సింగ్ వెయిట్లు. ఇనుప రిమ్ములకి క్లిప్పుతో తగిలిస్తారు, అల్లాయ్ చక్రాలకి లోపల జిగురుతో అంటిస్తారు. నీళ్లు గట్టిగా కొట్టి కడిగినప్పుడు అంటించినవి ఊడిపోతుంటాయి. మురికి పట్టిన రిమ్ములో ఒక్కచోట మాత్రం చిన్న పలక ఆకారంలో శుభ్రంగా కనిపిస్తే... అక్కడి వెయిటు రాలిపోయిందని అర్థం.

నాలుగోది టైరు. గాలి సరిగ్గా ఉందా? పక్క గోడ మీద ఎక్కడైనా కోడిగుడ్డులా ఉబ్బిందా? గుంతలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగితే అలా ఉబ్బుతుంది. దానికి మరమ్మతు లేదు, టైరు మార్చాల్సిందే. పైభాగాన్ని అరచేత్తో తడుముతూ చుట్టూ చూడాలి. ఎత్తుపల్లాలు తగులుతుంటే అదీ కారణమే.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో నెలల తరబడి కదలకుండా ఉన్న కార్లది మరో సమస్య. 2020 లాక్‌డౌన్ తర్వాత చాలామందికి ఇది అనుభవమైంది. బరువంతా ఒకేచోట పడి టైరు కింద చదునవుతుంది. కొన్ని కిలోమీటర్లు తిరిగి టైరు వేడెక్కితే చాలావరకు మామూలైపోతుంది. అప్పటికీ పోకపోతే టైరు పనైపోయినట్టే.

మెషీన్ దగ్గర నిలబడి చూడండి

బ్యాలెన్సింగ్‌కి కొన్ని వందలకు మించి కాదు. పెద్ద ఖర్చులకు దిగకముందు ముగించాల్సిన పని ఇదే. అయితే తాళాలిచ్చేసి ఏసీ గదిలో కూర్చోకుండా మెషీన్ దగ్గర నిలబడితే ఎన్నో సంగతులు తెలుస్తాయి.

చక్రాన్ని మెషీన్‌కి తగిలించేముందు రిమ్ములోని మట్టిని, టైరు గాళ్లలోని రాళ్లను, పాత వెయిట్లను తీసేయాలి. పాతవాటి మీదే కొత్తవి అంటించుకుంటూ పోవడం సరైన పద్ధతి కాదు. చక్రం తిరుగుతున్నప్పుడు రిమ్ము అంచుని, టైరుని పక్కనుంచి గమనించాలి. రిమ్ము అంచు పాములా అటూ ఇటూ కదులుతుంటే అది వంగింది. రిమ్ము తిన్నగా తిరుగుతూ టైరు మాత్రం పైకీ కిందకీ ఎగురుతుంటే లోపం టైరుది.

మెషీన్ తెర మీద లోపలి వైపు, బయటి వైపు ఎన్ని గ్రాములు కావాలో కనిపిస్తుంది. వెయిట్లు అంటించాక మళ్లీ తిప్పి రెండు వైపులా సున్నా వచ్చిందో లేదో చూడాలి. ఇంకో చిట్కా ఉంది. చక్రాన్ని వదులు చేసి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి పరీక్షించమనాలి. మళ్లీ సున్నాకి దగ్గరగా వస్తే పని బాగా జరిగింది. తేడా బాగా వస్తే చక్రం మెషీన్ మీద సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఒక్క చక్రానికే 80, 100 గ్రాములు అడుగుతోందంటే వెయిట్లు అంటించి పంపేయడం కాదు, ఆ టైరునో రిమ్మునో అనుమానించాలి.

కొందరు పంచరు పడకుండా టైరులో ద్రవం పోయిస్తారు. అది ఒకచోట చేరితే బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు. ఇక బయట కొన్న అల్లాయ్ చక్రాల విషయం. చక్రం మధ్య రంధ్రం కారు హబ్ కంటే పెద్దదైతే అది నట్ల మీదే ఆధారపడి, మధ్యకి సరిగ్గా కూర్చోదు. మెషీన్ మీద సున్నా చూపిస్తుంది, కారుకి బిగించాక వణుకుతుంది! ఆ ఖాళీని పూడ్చడానికి హబ్ రింగులు దొరుకుతాయి. వాటి ఖర్చు తక్కువే.

టైరా... రిమ్మా... తేల్చేదెలా?

బ్యాలెన్సింగ్ తర్వాత కూడా వణుకుంటే మార్చి చూసే పద్ధతి ఉంది. ముందు చక్రాలు రెండింటినీ వెనక్కి, వెనకవి ముందుకి అదే పక్కన మార్చాలి. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి చేరిందా... అయితే వెనక్కి వెళ్లిన రెండింటిలోనే దొంగ ఉన్నాడు. అదే సైజు స్టెప్నీ ఉంటే వాటిలో ఒక్కోదాన్నీ మార్చి చూస్తే దొంగ దొరికిపోతాడు. చక్రాలు మార్చినా వణుకు కదలకుండా స్టీరింగ్‌లోనే ఉంటే తప్పు చక్రాలది కాదు. హబ్, బేరింగు, జాయింట్ల వైపు వెళ్లాలి.

ఇనుప రిమ్ము కొద్దిగా వంగితే సరిచేయొచ్చు. అల్లాయ్ చక్రానికి పగులుంటే మాత్రం వెల్డింగు చేయించి వాడటం కంటే మార్చేయడమే క్షేమం. టైరు వయసు కూడా చూడాలి. దాని పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాళ్లు నిండుగా కనిపించినా, రబ్బరు పగుళ్లిచ్చి గట్టిపడ్డ పాత టైరుని నమ్మకూడదు.

బ్రేకు వేస్తేనే వణికితే...

తిన్నగా వెళ్తున్నప్పుడు నిశ్చింతగా ఉండి, బ్రేకు తొక్కగానే స్టీరింగ్ గడగడలాడితే ముందు డిస్కులను చూడాలి. ‘డిస్కు వంగిపోయింది’ అంటారుగానీ, చాలాసార్లు జరిగేది డిస్కు మందంలో తేడా రావడం. అదీ ఒక వెంట్రుక మందం కంటే తక్కువే! అంత చిన్న తేడాకే ప్యాడ్లు పట్టి వదులుతూ, పట్టి వదులుతూ ఆ కుదుపుని స్టీరింగ్‌కి చేరుస్తాయి.

ఈ తేడా ఎందుకొస్తుందంటే... హబ్‌కీ డిస్కుకీ మధ్య తుప్పు చేరినా, నట్లు ఒకటి బిగుతుగా ఒకటి వదులుగా ఉన్నా డిస్కు కాస్త వంకరగా తిరుగుతుంది. వేల కిలోమీటర్లలో ఒకేచోట అరుగుతూ పోతుంది. తిరుమల ఘాట్ లాంటి చోట దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే డిస్కులు విపరీతంగా వేడెక్కుతాయి. ఆ వేడిలో కారు ఆపి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం అక్కడే అచ్చులా అంటుకుంటుంది. అందుకే ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో, ఇంజిన్ పట్టుతో దిగాలి.

డిస్కులో తగినంత మందం మిగిలి ఉంటే లేత్ పట్టించి సమం చేయొచ్చు. ఎంత మందం కంటే తగ్గకూడదో చాలా డిస్కుల మీదే అచ్చువేసి ఉంటుంది. ఆ కొలతకి దగ్గరపడితే రెండు పక్కలా మార్చేయాలి. కొత్త డిస్కు బిగించేముందు హబ్ మీది తుప్పుని శుభ్రంగా గీకకపోతే, కొన్ని నెలలకే వణుకు మళ్లీ హాజరవుతుంది. ఒక మినహాయింపు... సడన్ బ్రేకు వేసినప్పుడు ఏబీఎస్ ఉన్న కారులో పెడల్ టకటకా కొట్టుకోవడం లోపం కాదు. అది దాని పనే.

జాకీ ఎత్తి పరీక్షిస్తే

ఈ పని మెకానిక్‌దే అయినా, ఏం చూడాలో తెలిస్తే అడగొచ్చు. కారుని సమతలంగా ఉన్నచోట నిలిపి, స్టాండ్లు పెట్టి, ముందు చక్రం నేల వదిలేలా ఎత్తాలి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండేచోట రెండు చేతులతో పట్టి ఊపాలి. ఆడుతుంటే బేరింగు గానీ, బాల్ జాయింటు గానీ అరిగినట్టు. 9, 3 ఉండేచోట పట్టి ఊపితే ఆడుతోందంటే టై రాడ్ ఎండ్ల మీద అనుమానం. ఇక లోయర్ ఆర్మ్ బుష్షులు చిరిగినా, షాక్ అబ్జార్బర్లు కారిపోయినా చిన్న వణుకు పెద్దదవుతుంది.

ఇక్కడో తిరకాసు ఉంది. అరిగిన జాయింట్లు వణుకుని పుట్టించడం కంటే పెంచడమే ఎక్కువ. అందుకే కొత్త బుష్షులు వేయగానే కొంత తగ్గి, అసలు కారణమైన టైరు అలాగే ఉండిపోతుంది. రెండూ చూడాలి. జాయింట్లు, టై రాడ్లు మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి. దాని వంతు చివర్లోనే!

నాట్యం నుంచి వచ్చిన పేరు

ముందు చక్రాలు ఇలా అటూ ఇటూ ఊగడాన్ని ఇంగ్లిషులో ‘షిమ్మీ’ అంటారు. భుజాలు అదిలిస్తూ ఆడే ఒక నాట్యం పేరది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో అమెరికాలో దానికి మహా గిరాకీ. 1920ల్లో కార్లకి మెత్తటి వెడల్పు టైర్లు, ముందు చక్రాలకి బ్రేకులు వచ్చాక ఈ ఊగుడు పెద్ద తలనొప్పయింది. ఫ్రెంచి ఇంజినీరు జార్జ్ బ్రూలియే 1925లో దీనిమీద అధ్యయనం ప్రచురించారు. అప్పటి కార్లలో ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి ఉండేవి. ఒకటి ఎగిరితే రెండోదీ ఊగేది. తర్వాత ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే సస్పెన్షన్లు వచ్చాక బాధ బాగా తగ్గింది. మన ఊళ్లలో తిరిగిన పాత జీపులకి ముందు ఒకే ఇరుసు ఉండేది. గుంతలో పడగానే స్టీరింగ్ చేతిలోంచి జారిపోయేలా కొట్టుకోవడం ఆ తరం డ్రైవర్లకి బాగా తెలుసు.

ఇలాగైతే ఆగిపోవాల్సిందే

అన్ని వణుకులకీ కంగారు పడక్కర్లేదు. కొన్నింటికి మాత్రం ఇంకో కిలోమీటరు కూడా వెళ్లకూడదు. నిన్నటిదాకా లేని వణుకు ఇవాళ ఉన్నట్టుండి మొదలై నిమిష నిమిషానికీ పెరుగుతున్నా... చక్రం దగ్గర టకటక చప్పుడు వస్తున్నా... తక్కువ వేగంలోనే కారు ముందుభాగం ఎగురుతున్నా... నట్లు వదులై ఉండొచ్చు, టైరు పొరలు విడిపోతుండొచ్చు. అప్పుడు సడన్ బ్రేకు వేయకూడదు. స్టీరింగ్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, వేగం దానంతటదే తగ్గేలా చూస్తూ ఎడమ పక్కకి తీయాలి. హజార్డ్ లైట్లు వేయాలి. పిల్లల్ని, పెద్దవాళ్లని రోడ్డుకి దూరంగా నిలబెట్టాలి. ఆ తర్వాతే నట్లు, టైర్లు చూడాలి. టైరు ఉబ్బితే స్టెప్నీ వేసుకుని, నెమ్మదిగా దగ్గరి దుకాణం చేరాలి. సన్నటి స్టెప్నీ అయితే దాని మీద రాసి ఉన్న వేగం దాటకూడదు.

మిగతా వణుకులకి వరస ఒక్కటే. నట్లు, బురద, గాలి, టైరు ఉబ్బు... ఇవి ఇంటి దగ్గరే. ఆ తర్వాత బ్యాలెన్సింగ్. తర్వాత చక్రాలు మార్చి చూడటం. ఆపైన డిస్కులు, బేరింగులు, జాయింట్లు. ఆఖర్న అలైన్‌మెంట్. ఏదైనా భాగం మార్చాలని మెకానిక్ అంటే, ‘ఇది ఎలా ఆడుతోందో ఒకసారి చూపించండి’ అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. పని తెలిసిన మెకానిక్ చక్రం పట్టుకుని ఊపి మరీ చూపిస్తాడు.